డబ్బీ విప్పొద్దు, నాణెం తోమొద్దు

మోర్గాన్ వెండి డాలర్ చేతికి రాగానే ముందు నేను చూసేది లిబర్టీ బొమ్మ చెంప. ఏళ్ల తరబడి టెక్సస్‌లో ఉంటూ ఈ డాలర్లే పోగేస్తున్నాను. సంవత్సరం కంటే ముందు చూపు అక్కడికే పోతుంది. టంకశాలలో అచ్చయిన డాలర్లను వెయ్యేసి చొప్పున సంచుల్లో నింపేవారు. సంచి కదిలినప్పుడల్లా అవి ఒకదానికొకటి కొట్టుకునేవి. అందుకే ఎవరూ ఖర్చుపెట్టని డాలర్ మీద కూడా గాట్లుంటాయి. విశాలమైన ఆ నున్నటి చెంప మీద చిన్న గీత పడినా దాగదు.

గ్రేడింగ్ సంస్థలు అంకె వేసేది ఇవన్నీ చూసే. 1 నుంచి 70 దాకా ఉండే ఈ కొలతకు మూలం 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం వేసిన లెక్క. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ వచ్చాక, అంకె వేసి ప్లాస్టిక్ పలకలో సీలు చేసిన నాణేలదే బజారయింది. ఆ పలకనే స్లాబ్ అంటాం. 64కీ 65కీ మధ్య తేడా ఒకట్రెండు గీతలే కావచ్చు, ధర మాత్రం ఒక్కసారిగా ఎగురుతుంది. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన డాలర్లు లక్షే. అరిగినది కొన్ని వేల డాలర్లకు దొరుకుతుంది. 67 గ్రేడు వచ్చిన ఒకటి 2021లో 20 లక్షల డాలర్లు దాటింది.

అంకె వేసేది మనుషులే. స్లాబ్ పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ పంపితే మరో అంకె రావచ్చు. దాన్నే పనిగా పెట్టుకున్న వ్యాపారులున్నారు. అందుకే 64 అని రాసున్నవి రెండు పక్కపక్కన పెట్టి చూడనిదే నేను కొనను.

డబ్బీకే ధర పలకడం చూడాలంటే కార్సన్ సిటీ డాలర్లను చూడాలి. నెవాడాలోని ఆ టంకశాలలో అచ్చయిన దాదాపు 30 లక్షల డాలర్లు ఖజానాలో మిగిలిపోతే, 1972–80 మధ్య జీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బీల్లో పెట్టి అమ్మింది. 1884లో అక్కడ ముద్రించిన 11,36,000లో సుమారు 85 శాతం ఇలా బయటికొచ్చినవే. గ్రేడింగ్ మోజులో చాలామంది ఆ డబ్బీలు విప్పేసి నాణేలను స్లాబుల్లోకి మార్పించారు. ఇప్పుడు కొనేవాళ్లు ప్రభుత్వ డబ్బీయే కావాలంటున్నారు, దానికి ఎక్కువిస్తున్నారు. ఎన్‌జీసీ కూడా డబ్బీ తెరవకుండానే గ్రేడు రాసిన పట్టీ చుట్టి ఇస్తోంది. ఇది నాకు న్యాయంగానే తోస్తుంది, ఆ డబ్బీ నాణెం చరిత్రలో భాగం కాబట్టి. కొత్త నాణేలకు ‘ఫస్ట్ స్ట్రైక్’ లేబుల్ తగిలించి ఎక్కువ గుంజడం మాత్రం నాకు నచ్చదు. విడుదలైన 30 రోజుల్లోపు పీసీజీఎస్‌కు చేరిందనే దానర్థం, ముందు అచ్చయిందని కాదు.

ఇంటికెళితే మా పిన్ని విక్టోరియా రూపాయలను పళ్లపొడితో తళతళా తోమి చూపిస్తుంది. అలా తోమినవాటికి సంస్థలు మామూలుగా అంకె ఇవ్వవు, శుభ్రం చేసినదని రాసేస్తాయి. ధర బాగా పడిపోతుంది. “నలుపెక్కితే ఎక్కనీ పిన్నీ, తోమకు” అని బతిమాలతాను. మెత్తటి పీవీసీ కవర్లలోనూ పెట్టనివ్వను. కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ నుంచి పచ్చటి జిగురు దిగి వెండి మీద పేరుకుంటుంది.