అపరాధి యెడల సహృదయుని అనురాగము: ఒక కొరియా హాస్య ధారావాహికా పరిశీలనము

దొంగ దొరకవలెనని లోకము కోరును. కథలోని దొంగ తప్పించుకొనవలెనని పాఠకుడు కోరును. ఈ వైపరీత్యము నేటిది కాదు. మృచ్ఛకటికమున శర్విలకుడు గోడకు కన్నము వేయుటను ఒక కళగా భావించి మనలను నవ్వించును. కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చిన దండి దశకుమారచరిత్రమున అపహారవర్మ లోభుల ధనమును దొంగిలించుచుండగా మనము అతని పక్షముననే నిలుతుము. అపరాధి యెడల ఈ అనురాగము ఎట్లు పుట్టుచున్నది? 2021వ సంవత్సరమున దక్షిణ కొరియాలో 20 భాగములుగా ప్రసారమైన ‘విన్సెంజో’ అను టెలివిజన్ ధారావాహిక ఈ ప్రశ్నను పరిశీలించుటకు తగిన లక్ష్యము.

ఇతివృత్తము సంగ్రహముగా ఇది. చిన్ననాడే ఇటలీ దేశపు దంపతులకు దత్తుడై పోయిన కొరియా బాలుడు పెరిగి, కసానో అను మాఫియా ముఠాకు మంత్రాంగము నెఱపు న్యాయవాది యగును. ముఠానాయకుడు మరణింపగా, అతని కుమారునితో వైరము కలిగి, విన్సెంజో జన్మభూమికి వచ్చును. సియోల్ నగరమందలి గుమ్‌గా ప్లాజా అను పాత భవనము క్రింద దాచిన 1.5 టన్నుల బంగారమును చేజిక్కించుకొనుట అతని సంకల్పము. ఆ భవనమున చాకలి దుకాణదారు, వంటవాడు, పియానో నేర్పు యువతి, బౌద్ధ భిక్షువులు, ఒక చిన్న న్యాయవాద కార్యాలయమువారు ఉందురు. బాబెల్ అను వ్యాపారసంస్థ వారిని వెడలగొట్టి భవనమును కూల్చ యత్నించును. బంగారము దక్కవలెనన్న భవనము నిలువవలెను. భవనము నిలువవలెనన్న అందలి జనులు నిలువవలెను. స్వార్థమే పరార్థమునకు ద్వారమగుట ఈ కథకు కీలకము.

ఇందలి హాస్యము రెండు విధములు. మొదటిది నాయకుని గాంభీర్యమునకు కలుగు భంగము. శత్రువులను గడగడలాడించినవాడు కిటికీకడ కూయు పావురముతో వేగలేకపోవును. రెండవది పొరుగువారి స్వభావము. తొలుత కలహప్రియులుగా కనబడిన వారిలో ఒక్కొక్కరి మరుగుపడిన నేర్పు పోనుపోను బయటపడును. బంగారము మాట తెలిసిన పిదప వారును ఆశపడుదురు. ఎవరును పరిశుద్ధులు కారు గనుక ఎవరును మరియొకరిని చిన్నచూపు చూడజాలరు. ఈ సమానతయే వారిని కుటుంబముగా కూర్చినది.

ఈ భావనకు కొరియా సాహిత్యమున పూర్వరంగము కలదు. సంప్రదాయము హో గ్యూన్ (1569–1618) రచనగా చెప్పు హాంగ్ గిల్‌డాంగ్ కథలో నాయకుడు దాసీపుత్రుడు. కన్నతండ్రిని తండ్రీ అని పిలువ నోచనివాడు. ఇల్లు నిరాకరించిన అతనికి దొంగల గుంపే ఇల్లైనది. విన్సెంజోయు, చేయని హత్యకు శిక్ష ననుభవించుచున్న కన్నతల్లిని కనుగొనియు, తాను కుమారుడనని చాలకాలము వెల్లడింపడు. కొరియా యుద్ధము (1950–53) తరువాతి దశాబ్దములలో సుమారు 2,00,000 మంది బాలలు పరదేశములకు దత్తత పోయిరి. కుటుంబమునకు ఒక్క యజమానిని, సాధారణముగా పురుషుని, నిర్ణయించిన హోజు విధానము 2008లో గాని రద్దు కాలేదు. వంశమే సర్వస్వమైన సమాజమున కోరి కట్టుకొన్న కుటుంబము వట్టి వినోదము కాదు; అది ఒక లోటునకు పూరణము.

ఐనను ఒక శంక మిగులును. విన్సెంజో ప్రతీకారము కడకు మిక్కిలి క్రూరమగును. అనౌచిత్యమువలన రసము ఆభాసమగునని ఆలంకారికులు చెప్పిరి. ఇచ్చట అట్లు కాలేదా? అంత్యభాగమున హాస్యము బీభత్సమునకు చోటిచ్చిన మాట నిజము. కాని రచన అతనిని ధర్మపురుషుడని పొగడలేదు. తాను దుష్టుడనని అతడే యెఱుగును. తాను కాపాడిన ఇంట తాను నిలువలేక దేశము విడిచి పోవును. హాంగ్ గిల్‌డాంగ్‌కును కడపట స్వదేశమున చోటు లేదు.

కావున సహృదయుడు ప్రేమించునది అపరాధమును కాదు; దిక్కులేనివారు ఒకరికొకరు దిక్కగుటను. నేరమును మెచ్చక నేరస్థుని యందలి మనుష్యుని గుర్తింపజేయుట ఇట్టి హాస్యమునకు ప్రయోజనము. శర్విలకుని, అపహారవర్మను పాఠము చెప్పునపుడును ఈ భేదమును విద్యార్థులకు చూపుట మన విధి.