ముందుకు జరగండి బాబూ! – కారు వెనుక ట్రైలరు, దాని వెనుక భౌతికశాస్త్రం

ఒకప్పుడు ఆంధ్రదేశపు పట్టణాలలో రైలు దిగి జట్కా ఎక్కినవారికి బండివాని మొదటి మాట గుర్తుండే ఉంటుంది. "ముందుకు జరగండి బాబూ, బండి వెనక్కి తూగుతోంది" అంటూ అతడు ప్రయాణికులను సర్దేవాడు. పెద్దవారిని ముందుకు పిలిచి, పిల్లలను వెనుకకు పంపి, అప్పటికీ కుదరకపోతే తానే మరికాస్త ముందుకు జరిగి నొగ మీద కూర్చునేవాడు. బరువు వెనుకకు మొగ్గితే నొగలు పైకి లేచి, గుర్రం పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది. మరీ ముందుకు మొగ్గితే భారమంతా గుర్రం వీపు మీద పడుతుంది. ధాన్యం బస్తాలు వేసుకొని రెండెడ్ల బండి తోలే రైతుకు కూడా ఈ సంగతి తెలుసు. కాడి ఎద్దుల మెడల మీద కొద్దిపాటి బరువుతో ఆనుకొని ఉండేటట్లు అతడు బస్తాలను ఇరుసుకు అటూ ఇటూ పేరుస్తాడు.

అమెరికాలో ఉద్యోగం మారి ఒక ఊరు విడిచి మరొక ఊరికి తరలిపోయే తెలుగు కుటుంబాలు కారుకో, మినీవ్యానుకో తగిలించుకొనే అద్దె ట్రైలరు కూడా ఒకే ఇరుసు గల రెండు చక్రాల బండే. 1945లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రిడ్జ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరిలో లెనార్డ్ షోయెన్ దంపతులు యూ-హాల్ సంస్థను ప్రారంభించినప్పటి నుండి, ట్రైలరును ఒక ఊరిలో తీసుకొని మరొక ఊరిలో అప్పగించే పద్ధతి ఈ దేశంలో సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. గుర్రం స్థానంలో వాహనం వచ్చింది. కాడి స్థానంలో ఉక్కు బంతి వచ్చింది. అయితే ఎద్దుల బండి గంటకు మూడు మైళ్లు నడిస్తే, ట్రైలరు గంటకు యాభై అయిదు మైళ్లు నడుస్తుంది. బండిలో బరువు తప్పుగా పేరిస్తే ఎద్దు మొరాయించేది. కారు మొరాయించదు, రహదారి ఎక్కేవరకు తప్పును బయటపెట్టదు. ట్రైలరు ప్రయాణంలో తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఇదే.

ఏ వాహనం ఎంత లాగగలదు?

ప్రతి వాహనం ఎంత బరువు గల ట్రైలరును లాగవచ్చునో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ముద్రించి ఉంటుంది. ట్రైలరును అసలే తగిలించరాదని కొన్ని చిన్న కార్ల పుస్తకాలు స్పష్టంగా చెబుతాయి. తగిన పరికరాలు అమర్చిన మినీవ్యాన్లలో చాలా వాటికి ఈ పరిమితి 3,500 పౌన్లు. ఈ సంఖ్యలో సామానుతో పాటు ఖాళీ ట్రైలరు బరువు కూడా చేరి ఉంటుందని మరువరాదు. హిచ్‌కూ, దాని బంతికీ కూడా వేరువేరు పరిమితులు ఉంటాయి. అన్నింటిలోకీ తక్కువ సంఖ్య ఏదో అదే అసలు పరిమితి.

మరొక లెక్క డ్రైవరు పక్క తలుపు తీసినచోట, స్తంభం మీద అంటించిన చీటీలో ఉంటుంది. వాహనంలోని మనుషులు, సామాను కలిసి ఎన్ని పౌన్లు మించరాదో అది చెబుతుంది. ట్రైలరు నొగ వాహనంపై మోపే బరువును కూడా ఈ లెక్కలోనే వేయాలి. నలుగురు మనుషులు 500 పౌన్లు, పెట్టెలు 150, హిచ్ 50, నొగ బరువు 250 అనుకుంటే మొత్తం 950 పౌన్లు. చీటీలోని సంఖ్య ఇంతకంటె తక్కువైతే ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా ప్రయోజనం లేదు. టైర్లు, స్ప్రింగులు, ఇరుసులు ఆ భారానికి తగినవి కావు.

నొగ బరువు

ట్రైలరు ముందుభాగాన పొడుచుకొని వచ్చే ఉక్కు దూలాన్ని ఇంగ్లీషువారు నాలుక అంటారు. తెలుగులో దానికి నొగ అన్న మాట చక్కగా సరిపోతుంది. ఆ నొగ హిచ్ బంతి మీద ఎంత బరువుతో ఆనుతుందో అదే నొగ బరువు. సామానుతో కూడిన ట్రైలరు మొత్తం బరువులో ఇది నూటికి 10 నుండి 15 పాళ్లు ఉండాలని సాధారణ నియమం. మొత్తం 2,200 పౌన్లయితే నొగ మీద 220 నుండి 330 పౌన్ల వరకు ఉండాలన్నమాట. ఇది సాధించడానికి సామానులో నూటికి 60 పాళ్ల బరువు ట్రైలరు ముందు సగంలో ఉండేటట్లు సర్దమని అద్దె సంస్థలు చెబుతాయి.

చెప్పినంత తేలికగా ఇది జరగకపోవడానికి కారణం ఇల్లు ఖాళీ చేసే క్రమంలోనే ఉంది. పరుపులు, మంచాలు, బట్టల పెట్టెలు ముందురోజే లోపలికి చేరతాయి. వంటిల్లు మాత్రం చివరి పూట దాకా ఖాళీ కాదు. బయలుదేరే రోజు ఉదయం పిల్లలకు ఇడ్లీలు పెట్టిన తరువాతనే రాతి గ్రైండరు, కుక్కర్లు, ఇరవై పౌన్ల బియ్యం సంచులు, ఊరగాయ జాడీలు బయటికి వస్తాయి. ఎవరూ మోయలేక వాయిదా వేసిన పుస్తకాల పెట్టెలు కూడా అప్పుడే కదులుతాయి. వాటికి దొరికే చోటు వెనుక తలుపు దగ్గరే. ఈ విధంగా తేలికైనవన్నీ ముందు, బరువైనవన్నీ వెనుక చేరి, జట్కావాడు చెప్పినదానికి సరిగ్గా విరుద్ధంగా బండి తయారవుతుంది. బరువైన వస్తువులను ఒక రోజు ముందుగానే వేరుచేసి, ఇరుసుకు కాస్త ముందుగా, నేలకు ఆనించి పేర్చి, గట్టి పట్టీలతో బిగించడమే దీనికి పరిష్కారం.

అలాగని అంతా ముక్కు దగ్గర కుప్ప వేయడమూ మంచిది కాదు. హిచ్ బంతి వాహనపు వెనుక ఇరుసుకు అవతల ఉంటుంది. ఆ బంతిపై పడే బరువు తూగుడుబల్ల వలె వెనుక ఇరుసును ఆధారం చేసుకొని ముందు చక్రాలను పైకెత్తుతుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 10 అడుగులు, బంతి వెనుక ఇరుసుకు 4 అడుగుల వెనుక ఉన్నాయనుకుంటే, 250 పౌన్ల నొగ బరువు ముందు చక్రాల మీది నుండి 100 పౌన్లు తీసివేసి, వెనుక ఇరుసు మీద 350 పౌన్లు పెంచుతుంది. ఇంతవరకు పరవాలేదు. నొగ బరువు 600 అయితే ముందు చక్రాలు 240 పౌన్లు కోల్పోతాయి. వాహనాన్ని తిప్పేవీ, బ్రేకు వేసినప్పుడు ప్రధానంగా ఆపేవీ ముందు చక్రాలే కాబట్టి, రెండు పనులూ బలహీనపడతాయి. రాత్రివేళ దీపాల వెలుతురు రహదారిని వదిలి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

స్నానాల గది త్రాసుతో తూచే విధానం

నొగ బరువును ఇంట్లోనే కొలవవచ్చు. స్నానాల గదిలోని త్రాసు 300 పౌన్లకు మించి తూచకపోవచ్చు గనుక బల భ్రామక సూత్రాన్ని ఆశ్రయించాలి. సమతలమైన నేలపై ఒకవైపు త్రాసు, మరొకవైపు అదే ఎత్తున ఇటుకలు ఉంచాలి. రెండింటి మీదా చెరొక గొట్టపు ముక్క పెట్టి, వాటి నడుమ దూరం సరిగా 3 అడుగులు ఉండేటట్లు గట్టి పలకను వేయాలి. ట్రైలరు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, నొగ కింది జాకీని ఇటుకల వైపు గొట్టానికి 1 అడుగు దూరంలో పలక మీద ఆనించాలి. నొగ దాదాపు ప్రయాణంలో ఉండే ఎత్తులోనే ఉండాలి. త్రాసు చూపిన సంఖ్య నుండి పలక వలన వచ్చే బరువు తీసివేసి, మూడుతో గుణిస్తే నొగ బరువు వస్తుంది.

పైన చెప్పిన 2,200 పౌన్ల ట్రైలరుకు త్రాసు 73కూ 110కీ మధ్య చూపాలి. అది 40 మాత్రమే చూపిందనుకుందాం. నొగ బరువు 120 పౌన్లు. అంటే నూటికి ఆరు పాళ్లు కూడా లేదు. వెంటనే తలుపు దగ్గరి పుస్తకాల పెట్టెలు, గ్రైండరు కలిపి 200 పౌన్లు తీసి, ఇరుసుకు 3 అడుగుల వెనుక నుండి 3 అడుగుల ముందుకు మార్చితే ఏమవుతుంది? బంతికీ ఇరుసుకూ మధ్య దూరం 9 అడుగులైతే, నొగ బరువు 200ను 6తో గుణించి 9తో భాగించినంత, అనగా సుమారు 133 పౌన్లు పెరుగుతుంది. మొత్తం 253. ఇప్పుడు నూటికి పదకొండున్నర పాళ్లు. కొత్తగా కొనవలసిన పరికరం ఏదీ లేకుండా, అరగంట శ్రమతో ట్రైలరు స్వభావమే మారిపోయింది.

తోక ఊపే ట్రైలరు

బరువు వెనుక ఉన్న ట్రైలరు ఎందుకు అపాయకరమో చూడాలి. పెద్ద ట్రక్కు పక్కనుండి దాటినా, ఈదురుగాలి వీచినా ట్రైలరు కొద్దిగా పక్కకు తిరుగుతుంది. గరిమనాభి ఇరుసుకు ముందు ఉన్నప్పుడు, టైర్లు రోడ్డును పట్టుకొని కలిగించే పక్కబలం దానిని తిరిగి దారిలోకి తెస్తుంది. డోలనం రెండు మూడు ఊపులలో చల్లారుతుంది. గరిమనాభి ఇరుసుకు వెనుక ఉంటే, జడత్వం వలన తిన్నగా పోవాలని చూసే ఆ బరువే ట్రైలరును ఇంకా పక్కకు తిప్పుతుంది. ప్రతి ఊపుకూ నొగ వాహనపు వెనుక భాగాన్ని పక్కకు నెడుతుంది.

ఈ డోలనాన్ని చల్లార్చే శక్తి వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఒక వేగం దాటిన తరువాత డోలనం చల్లారడానికి బదులు ఊపు ఊపుకూ పెరుగుతుంది. ఆ వేగం ఎంతన్నది బరువు పేర్చిన తీరును బట్టి ఉంటుంది. అందువలననే యాభై మైళ్ల వేగంలో బుద్ధిగా నడిచిన ట్రైలరు, పల్లంలో వేగం అరవై దాటగానే హఠాత్తుగా తోక ఊపవచ్చు. అప్పుడు డ్రైవరు స్టీరింగు తిప్పి సరిదిద్దబోతే, అతని చేయి స్పందించేసరికి ఊపు దిశ మారి ఉంటుంది. సరిదిద్దే ప్రయత్నమే ఊపును పెంచుతుంది.

అటువంటి సమయంలో చేయవలసినవి మూడే. యాక్సిలరేటరు మీది నుండి కాలు తీయాలి. స్టీరింగును తిన్నగా, గట్టిగా పట్టుకోవాలి. వేగం తానుగా తగ్గేవరకు ఓర్చుకోవాలి. కారు బ్రేకు గట్టిగా తొక్కితే వెనుకనుండి ట్రైలరు నెట్టి, రెండూ కత్తెర వలె మడుచుకొనే ప్రమాదం ఉంది. వేగం పెంచి సరిచేద్దామనుకోవడం మరింత ప్రమాదం. ట్రైలరుకు విద్యుత్ బ్రేకులు ఉండి, వాటిని చేతితో విడిగా వేసే మీట డ్రైవరు దగ్గర ఉంటే, వాటిని మాత్రం మెల్లగా వేయవచ్చు. ఊపు ఆగిన తరువాత సురక్షితమైన చోట నిలిపి, సామాను తిరిగి సర్దిన తరువాతనే ముందుకు పోవాలి.

తగిలించే క్రమం

ఈ దేశంలో వాడుకలో ఉన్న హిచ్ బంతులు ప్రధానంగా మూడు పరిమాణాలవి: 1⅞, 2, 2 5/16 అంగుళాలు. ట్రైలరు నొగ చివర బోర్లించిన గిన్నె వలె ఉండే కప్లరుపై ఏ పరిమాణం ముద్రించి ఉందో సరిగ్గా అదే బంతి వాడాలి. రెండంగుళాల గిన్నెలో చిన్న బంతి కూడా కూర్చున్నట్లే కనిపిస్తుంది. మొదటి పెద్ద గుంటలో ఎగిరి బయటపడుతుంది. కప్లరు మూసి, గొళ్లానికి పిన్ను వేసిన తరువాత జాకీని కొద్దిగా పైకి తిప్పాలి. వాహనపు వెనుక భాగం కూడా దానితో పాటు లేస్తే పట్టు కుదిరినట్లు. తరువాత జాకీని పూర్తిగా మడిచివేయాలి.

రక్షణ గొలుసులు రెండింటినీ నొగ కిందుగా ఒకదానిపై ఒకటి దాటించి తగిలించాలి. కప్లరు ఊడినా నొగ నేలను గుచ్చుకోకుండా ఆ గొలుసులు ఉయ్యాల వలె పట్టుకుంటాయి. మలుపు తిరగడానికి తగినంత వదులు ఉండాలి గాని, అవి రోడ్డుకు రాసుకోరాదు. తరువాత విద్యుత్ తీగ కలిపి, ఒకరు లోపల కూర్చొని బ్రేకు, కుడి ఎడమ సంకేతాలు వేస్తుండగా మరొకరు వెనుక నిలబడి దీపాలు చూడాలి. ట్రైలరు టైర్లలో గాలిని, అవి చల్లగా ఉన్నప్పుడే, టైరుపై సూచించిన మేరకు చూసుకోవాలి. మొదటి యాభై మైళ్ల లోపున ఒకసారి ఆగి, కప్లరు, గొలుసులు, చక్రాల నట్లు, పట్టీలు అన్నీ తిరిగి తడిమి చూడాలి. ట్రైలరులో మనుషులను, ముఖ్యంగా పిల్లలను, ఎంత కొద్ది దూరమైనా కూర్చోబెట్టరాదు.

రహదారి మీద

గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 55 మైళ్లకు బదులు 70 మైళ్లు పోతే వేగం నూటికి 27 పాళ్లే పెరిగినా, బ్రేకులు హరించవలసిన శక్తి 62 పాళ్లు పెరుగుతుంది. 4,400 పౌన్ల మినీవ్యాను వెనుక బ్రేకులు లేని 2,200 పౌన్ల ట్రైలరు ఉంటే, అదే బ్రేకులు ఒకటిన్నర రెట్ల భారాన్ని ఆపాలి. అందువలన ముందు వాహనానికి మామూలుగా వదిలే ఎడాన్ని రెట్టింపు చేయాలి. కాలిఫోర్నియా చట్టం ట్రైలరు లాగే వాహనాలకు గంటకు 55 మైళ్లనే గరిష్ఠ వేగంగా విధించింది. దిగుడు దారిలో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచక, ముందుగానే తక్కువ గేరులోకి మార్చుకోవాలి. మలుపులో ట్రైలరు చక్రాలు లోపలి వైపుకు కోసుకొని వస్తాయి గనుక వెడల్పుగా తిరగాలి.

వెనుకకు నడపడం కొత్తవారికి కష్టం. స్టీరింగు చక్రాన్ని అడుగు భాగంలో పట్టుకొని, ట్రైలరు ఎటు పోవాలో చేతిని అటే కదిపితే చాలు. కదలిక కొద్దిగా, వేగం నడకకంటె తక్కువగా ఉండాలి. ట్రైలరు మడుచుకుంటున్నదని తోచగానే ఆగి, ముందుకు పోయి తిన్నగా చేసుకొని మళ్లీ ప్రయత్నించాలి. ఖాళీ పార్కింగు స్థలంలో పావుగంట సాధన చేసి బయలుదేరడం మేలు.

కొత్త ఊరిలో ఉద్యోగం సోమవారం మొదలవుతుందని, ఇంటి తాళాలు సాయంత్రంలోగా అప్పగించాలని, బయలుదేరే రోజున ప్రతి కుటుంబానికీ తొందరే. త్రాసు తక్కువ చూపితే మళ్లీ సామానంతా దించాలా అని విసుగు కలగడం సహజం. కాని ఆ ట్రైలరుకు ముందున్న వాహనంలో వెనుక సీట్లలో పిల్లలు నిద్రపోతూ ఉంటారు. రైలు వేళ అవుతున్నా, ఎక్కినవారు విసుక్కుంటున్నా, బండి కుదిరేవరకు జట్కావాడు కళ్లెం కదిపేవాడు కాదు. ఇంటి ముందు వాకిట్లో వెచ్చించే ఆ అరగంట, వెయ్యి మైళ్ల ప్రయాణానికి అవసరమైన మొదటి మజిలీ.