బోణీలోనే బోల్తా!

సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఓడినా తట్టుకోవచ్చు కానీ, మొదటి మ్యాచ్ ఓడితే అభిమానికి ముద్ద దిగదు. పది నెలలు ఎదురుచూసి, వేలంలో ఎవరొచ్చారో ఎవరు పోయారో లెక్కలేసుకుని, ఈసారి కప్పు మనదేనని నలుగురితో పందెం కట్టిన తర్వాత వచ్చే ఓటమి మరి! హుస్నాబాద్ నుంచి ఉప్పల్ స్టేడియానికి పోవాలంటే సిద్దిపేట మీదుగా గంటల తరబడి బస్సు ప్రయాణం. అయినా సన్‌రైజర్స్ ఓడిన మర్నాడు పొద్దున చాయ్ హోటల్ కాడ వినిపించే పోస్టుమార్టం హైదరాబాద్‌కు ఏమాత్రం తీసిపోదు. ‘గిదేం ఆట రా బై’ అని మొదలై ‘ఈ సారి గూడ గంతే’ దగ్గర ముగుస్తుంది. నిజంగా అంతేనా? తొలి ఓటమి చుట్టూ ఉన్న ఈ విశేషాలు చదివి మీరే చెప్పండి.

◆ పదమూడింట తొమ్మిది

సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐపీఎల్‌లో అడుగుపెట్టింది 2013లో. అప్పటి నుంచి 2025 వరకు 13 సీజన్లు ఆడితే, తొలి మ్యాచ్ గెలిచింది నాలుగుసార్లే: 2013, 2017, 2018, 2025. మిగతా తొమ్మిదిసార్లూ ఓటమితోనే ఆరంభం. అందులోనూ 2019 నుంచి 2024 దాకా వరుసగా ఆరు. ఆ ఆరు మ్యాచ్‌లకు భువనేశ్వర్ కుమార్, డేవిడ్ వార్నర్, కేన్ విలియమ్సన్, పాట్ కమిన్స్ నాయకత్వం వహించారు. కెప్టెన్లు మారారు, మైదానాలు మారాయి, ఫలితం మాత్రం మారలేదు.

◆ గెలిస్తే మనం, ఓడితే వాళ్లు

రాత్రి ‘మనోళ్లు’ అన్న నోటితోనే పొద్దున ‘వాళ్లకు ఆడరాదు’ అంటాం. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో రాబర్ట్ చియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1976లో ఒక అధ్యయనం ప్రచురించింది. కాలేజీ జట్టు గెలిచిన వారాంతం తర్వాత సోమవారం నాడు ఆ కాలేజీ పేరున్న టీషర్టులు వేసుకొచ్చే విద్యార్థుల సంఖ్య పెరిగేదట. ఫోన్ చేసి మ్యాచ్ గురించి అడిగితే గెలుపును ‘మనం’ అనీ, ఓటమిని ‘వాళ్లు’ అనీ చెప్పడం ఎక్కువగా కనిపించిందట. ఓడిన రాత్రి వాట్సాప్ స్టేటస్‌లోంచి ఆరెంజ్ జెండా మాయమైందంటే తప్పుబట్టకండి. దానికి యాభై ఏళ్ల శాస్త్రం ఉంది.

◆ ఓడిన చోటే కప్పు

2016 ఏప్రిల్ 12. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. కోహ్లి 75, డివిలియర్స్ 82 బాదడంతో ఆర్సీబీ 227 పరుగులు చేసింది. సన్‌రైజర్స్ 45 పరుగుల తేడాతో చిత్తయింది. రెండో మ్యాచ్ సొంతగడ్డ ఉప్పల్‌లో. అక్కడా కోల్‌కతా చేతిలో ఓటమే. ‘ఈ ఏడు ఇంటికే’ అని చాలామంది అప్పుడే తేల్చేశారు.

సరిగ్గా 47 రోజుల తర్వాత, మే 29న, అదే చిన్నస్వామిలో, అదే ఆర్సీబీపై ఫైనల్. సన్‌రైజర్స్ 208 కొట్టి 8 పరుగులతో గెలిచింది. వార్నర్ ఆ సీజన్‌లో చేసిన పరుగులు 848. ఈ జట్టుకు 2025 వరకు ఉన్న ఏకైక ఐపీఎల్ కప్పు వరుసగా రెండు ఓటములతో మొదలైన సీజన్‌దే!

◆ ఓడటంలోనూ రకాలు

సన్‌రైజర్స్ తొలి మ్యాచ్ ఓటముల్లో ఒకదానికొకటి పోలిక ఉండదు.

2019, ఈడెన్ గార్డెన్స్: కోల్‌కతాకు చివరి మూడు ఓవర్లలో 53 పరుగులు కావాలి. రసెల్ 19 బంతుల్లో 49 కొట్టాడు. ఇంకా రెండు బంతులు మిగిలే ఉన్నాయి.

2020, దుబాయ్: ఆర్సీబీపై ఛేదనలో 2 వికెట్లకు 121తో హాయిగా ఉన్న జట్టు 153కు ఆలౌట్. చివరి ఎనిమిది వికెట్లు 32 పరుగులకే పోయాయి.

2022, పుణె: రాజస్థాన్‌పై పవర్‌ప్లే ఆరు ఓవర్లలో 3 వికెట్లకు 14 పరుగులు. ఐపీఎల్ చరిత్రలోనే అత్యల్ప పవర్‌ప్లే స్కోర్లలో ఒకటి.

2023, ఉప్పల్: రాజస్థాన్ 203 కొట్టింది. బదులుగా సన్‌రైజర్స్ దిగితే బౌల్ట్ మొదటి ఓవర్లోనే, ఒక్క పరుగూ రాకముందే, ఇద్దరిని పెవిలియన్ పంపాడు. ఓటమి 72 పరుగులతో.

2024, మళ్లీ ఈడెన్: చివరి ఓవర్లో 13 కావాలి. మొదటి బంతికే క్లాసెన్ సిక్సర్. ఐదు బంతుల్లో ఏడు పరుగులు చాలు. హర్షిత్ రాణా ఇవ్వలేదు. నాలుగు పరుగులతో ఓటమి.

ఏది ఎక్కువ బాధపెట్టిందన్న విషయంలో అభిమానుల మధ్య ఏకాభిప్రాయం ఎప్పటికీ రాదు. చిత్తుగా ఓడితే తిట్టి పడుకోవచ్చు. నాలుగు పరుగులతో ఓడితే ఆ రాత్రి నిద్ర పట్టదు.

◆ నాలుగు రోజుల్లో నోళ్లు మూత

ఆ 2024 ఓటమి మార్చి 23న. ‘20 కోట్ల 50 లక్షలు పెట్టి కమిన్స్‌ను తెచ్చింది ఇందుకేనా’ అన్న విమర్శలు ఇంకా చల్లారలేదు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబైపై 3 వికెట్లకు 277! పదకొండేళ్లుగా చెక్కుచెదరని 263 పరుగుల ఐపీఎల్ రికార్డు ఆ రాత్రి పగిలింది. ఏప్రిల్ 15న బెంగళూరులో 287 కొట్టి తన రికార్డును తానే చెరిపేసుకుంది. జట్టు ఫైనల్ దాకా పోయింది. చివరకు చెన్నైలో మే 26న 113కు ఆలౌటై ఓడింది కూడా తొలి మ్యాచ్‌లో ఓడించిన కోల్‌కతా చేతిలోనే. స్టాండ్‌లో కన్నీళ్లు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టిన జట్టు సహ యజమాని కావ్య మారన్‌ను కెమెరా పట్టుకుంది. ఆ దృశ్యం చూసి అవతలి జట్ల అభిమానులు కూడా అయ్యో అన్నారు.

◆ బోణీ అదిరినా...

దీనికి తిరగేసిన కథ మరుసటి ఏడాదే దొరుకుతుంది. 2025 మార్చి 23న రాజస్థాన్‌పై 286 పరుగులు, ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 నాటౌట్, 44 పరుగుల గెలుపు. ఆరేళ్ల తొలి మ్యాచ్ శాపం పోయిందని పండుగ చేసుకున్నారు. తర్వాత వరుసగా నాలుగు ఓటములు. సీజన్ ముగిసేసరికి ఆరో స్థానం. ఓటమితో మొదలైన 2016లో కప్పు, భారీ గెలుపుతో మొదలైన 2025లో ఆరో స్థానం. తొలి మ్యాచ్‌ను బట్టి జాతకం చెప్పేవాళ్లకు ఈ రెండేళ్లు చాలు.

◆ హుస్నాబాద్ తొలి సభ

ఆరంభాల సెంటిమెంటు హుస్నాబాద్‌కు కొత్త కాదు. శాసనసభను రద్దు చేసిన మర్నాడే, 2018 సెప్టెంబర్ 7న, కేసీఆర్ ఎన్నికల ప్రచారాన్ని మొదలుపెట్టింది ఇక్కడి ప్రజా ఆశీర్వాద సభతోనే. ఆ ఎన్నికల్లో ఆయన పార్టీకి 119లో 88 స్థానాలొచ్చాయి. కలిసొచ్చిన చోటు అన్న పేరు పడింది. 2023 అక్టోబర్ 15న మళ్లీ ఇక్కడి నుంచే ప్రచారం ప్రారంభం. ఈసారి వచ్చినవి 39. హుస్నాబాద్ సీటు కూడా కాంగ్రెస్ అభ్యర్థి పొన్నం ప్రభాకర్‌కు పోయింది. ఆరంభం ఒకటే, ముగింపులు రెండు.

ఇంకో సంగతి: సన్‌రైజర్స్ కప్పు కొట్టిన 2016లోనే హుస్నాబాద్ చిరునామా కూడా మారింది. అక్టోబర్‌లో జిల్లాల పునర్విభజనతో కరీంనగర్ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది.

◆ కరెంటు పోయిన తొలిరోజు

సన్‌రైజర్స్‌కు ముందు హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్. 2008 ఏప్రిల్ 20న ఈడెన్ గార్డెన్స్‌లో ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లోనే 110కి ఆలౌటై ఓడింది. బంతి ఎటు తిరుగుతుందో తెలియని పిచ్ ఒకవైపు, ఫ్లడ్‌లైట్లు ఆరిపోయి ఆట ఆగడం మరోవైపు. ఆ సీజన్‌లో సొంతగడ్డపై ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓడి అట్టడుగున నిలిచింది. వీవీఎస్ లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, రోహిత్ శర్మ ఉన్న జట్టు అది! మరుసటి ఏడాదే దక్షిణాఫ్రికాలో జరిగిన ఐపీఎల్‌లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో అదే జట్టు ఫైనల్‌లో ఆర్సీబీని 6 పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది.

◆ లోకల్ లొల్లి

ఓడినప్పుడే గుర్తొచ్చే ప్రశ్న ఒకటుంది: ‘జట్టులో మనోడు ఒక్కడన్నా ఉన్నడా?’ 2021 ఫిబ్రవరి వేలం తర్వాత ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ ఈ మాటే బహిరంగంగా అన్నారు. స్థానిక ఆటగాళ్లను తీసుకోకపోతే హైదరాబాద్‌లో మ్యాచ్‌లు జరగనివ్వమని హెచ్చరించారు. పుండు మీద కారం ఏమిటంటే, 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌ను 17 పరుగులకు 4 వికెట్లతో కూల్చింది మన హైదరాబాదీ సిరాజే. ఆయన ఆడింది గుజరాత్ తరఫున.

◆ ఓడించినవాడితో సమానం

2019లో రసెల్ దెబ్బకు ఓడిన తర్వాత ఏమైందో గుర్తుందా? లీగ్ దశ ముగిసేసరికి సన్‌రైజర్స్‌కు 12 పాయింట్లు, కోల్‌కతాకూ 12 పాయింట్లే. నెట్ రన్‌రేట్ మెరుగ్గా ఉండటంతో సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. కోల్‌కతా ఇంటికెళ్లింది. 12 పాయింట్లతో ప్లేఆఫ్స్ చేరడం ఐపీఎల్‌లో అదే మొదటిసారి.

◆ ముంబైది మొండి రికార్డు

తొలి మ్యాచ్ ఓటమిలో సన్‌రైజర్స్‌ను మించినవాళ్లున్నారు. ముంబై ఇండియన్స్ 2013 నుంచి 2025 దాకా ఒక్క సీజన్‌లోనూ తొలి మ్యాచ్ గెలవలేదు. వరుసగా పదమూడు ఓటములు. ఆ జట్టు గెలిచిన ఐదు ఐపీఎల్ కప్పులూ (2013, 2015, 2017, 2019, 2020) ఈ పదమూడేళ్లలోనివే! 2015లోనైతే మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడి కప్పు కొట్టింది.

◆ ఫుట్‌బాల్‌లోనూ అదే తంతు

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 అక్టోబర్‌లో ఇండియన్ సూపర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడి ఏటీకే చేతిలో 0-5తో ఓడింది. ఆ ఏడు ఆఖరి స్థానం. 2021-22 సీజన్‌ను కూడా చెన్నయిన్ చేతిలో 0-1 ఓటమితోనే మొదలుపెట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్‌లో గెలిచి చాంపియన్ అయింది. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి హీరో.

◆ కూతలో తడబాటు

తెలుగు టైటాన్స్ అభిమానులది అందరికన్నా గట్టి గుండె. ప్రో కబడ్డీ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో ఈ జట్టు ఆడిన 66 మ్యాచ్‌ల్లో గెలిచింది ఐదే. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ సొంతగడ్డ విశాఖలోనే మొదలైంది. సొంత ప్రేక్షకుల ముందే తమిళ్ తలైవాస్ చేతిలో 35-38తో ఓటమి. మళ్లీ పాత పాటే అనుకున్నారు. ఆ జట్టే క్వాలిఫయర్-2 దాకా దూసుకెళ్లింది.

◆ కమిన్స్‌కు తెలిసిన విద్య

2023 వన్డే ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా తొలి మ్యాచ్ చెన్నైలో భారత్ చేతిలో ఓడింది. రెండోది దక్షిణాఫ్రికా చేతిలో 134 పరుగులతో చిత్తు. తర్వాత వరుసగా తొమ్మిది గెలుపులు. ఆఖరుది నవంబర్ 19న అహ్మదాబాద్‌లో, మనమీదే. ట్రావిస్ హెడ్ 137తో దేశమంతా మూగబోయింది. నాలుగు నెలలు తిరిగేసరికి కెప్టెన్ కమిన్స్, ఆ హెడ్ ఇద్దరూ ఆరెంజ్ జెర్సీలో ‘మనోళ్లు’ అయిపోయారు. అభిమాని గుండె ఎంత విశాలమో!

◆ ఆస్ట్రేలియాలో పుట్టిన ఆట

అక్కడివాళ్ల సొంత ఫుట్‌బాల్‌కు మూలం కూడా క్రికెటే. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు వంగకుండా పోకూడదని, ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుందామని టామ్ విల్స్ అనే క్రికెటర్ 1858లో పత్రికకు ఉత్తరం రాశాడు. 1859లో మెల్‌బోర్న్‌లో నియమాలు రాసుకున్నారు. నేటికీ కోడిగుడ్డు ఆకారపు క్రికెట్ మైదానాల్లోనే, జట్టుకు 18 మందితో ఆడతారు. 2024 మార్చిలో బ్రిస్బేన్ లయన్స్ తమ తొలి మ్యాచ్‌లో 46 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని కార్ల్‌టన్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడింది. తర్వాతి రెండూ ఓడింది. అభిమానులు తలలు పట్టుకున్నారు. సెప్టెంబర్ ఫైనల్లో సిడ్నీని 120-60తో మట్టికరిపించిందీ ఆ జట్టే.

◆ ఒళ్లూ ఓడుతుంది

1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్, ఇటలీ తలపడ్డాయి. టీవీలో చూస్తున్న అభిమానుల లాలాజలాన్ని అమెరికా పరిశోధకులు మ్యాచ్‌కు ముందూ తర్వాతా పరీక్షించారు. గెలిచిన బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ పెరిగింది, ఇటలీ అభిమానుల్లో తగ్గింది. కుర్చీలోంచి కదలనివాళ్లకే అలా! ఓడిన మర్నాడు పని మీద మనసు లేదంటే అది వట్టి సాకు కాకపోవచ్చు.

◆ సెలవిచ్చిన ఓటమి

2022 నవంబర్ 22న 36 మ్యాచ్‌లుగా ఓటమెరుగని అర్జెంటీనాను ఫుట్‌బాల్ ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లోనే సౌదీ అరేబియా 2-1తో ఓడించింది. ఆ సంబరంలో సౌదీ రాజు మర్నాడు దేశమంతటికీ సెలవు ప్రకటించాడు. ప్రపంచకప్ మాత్రం మెస్సీ చేతికే వెళ్లింది.

◆ చివరగా కాస్త లెక్క

2024లో ఆర్సీబీ తొలి మ్యాచ్ చెన్నై చేతిలో ఓడి, మొదటి ఎనిమిదింట ఒక్కటే గెలిచింది. తర్వాత వరుసగా ఆరు గెలిచింది. ఆరోది, ప్లేఆఫ్స్ బెర్తు తేల్చినది, మళ్లీ చెన్నైపైనే. ఇంటికి పోయింది చెన్నై.

ఐపీఎల్ లీగ్ దశలో జట్టుకు 14 మ్యాచ్‌లు, గెలుపుకు 2 పాయింట్లు. ఎనిమిది గెలిస్తే వచ్చే 16 పాయింట్లు సాధారణంగా ప్లేఆఫ్స్‌కు చాలు. అంటే ఆరు ఓడటానికి జాగా ఉన్నట్టే. తొలి మ్యాచ్ పోయిందంటే ఆ ఆరింట్లో ఒకటి ఖర్చయింది, ఇంకా ఐదున్నాయి. చాయ్ హోటల్ కాడ ఎవరైనా ‘ఈ సారి గూడ గంతే’ అంటే ఈ లెక్క చెప్పండి.