బ్యాంకు గడప తొక్కకముందు

పిల్లల చదువు కోసం రైల్వే ఉద్యోగికి వచ్చే భత్యం పన్నెండో తరగతితో ఆగిపోతుంది. అసలు ఖర్చు మొదలయ్యేది ఆ తర్వాతే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్ళలో ఇంటర్ ఫలితాలు రాగానే వినిపించే మాట విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ప్రైవేటు కాలేజీ సీటు. దాని వెనకే ఎడ్యుకేషన్ లోను. ఆ లోను తప్పదని అనుకునేముందు చూడాల్సిన దారులు చాలానే ఉన్నాయి. అయితే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు కొన్ని తలుపులు తెరుచుకోవు, ఎందుకో తెలియక చాలామంది ఏడాది పోగొట్టుకుంటారు. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి వర్క్‌షాపులో, లోకో షెడ్లలో పనికి కుదిరిన కుటుంబాలివి. తరాలు గడిచాయి. బంధుత్వాలు ఇంకా శ్రీకాకుళం వైపే ఉన్నాయి కాబట్టి అక్కడి మేనల్లుడికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే మనకూ వస్తుందనుకుంటారు. రాదు. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాష్ట్ర విద్యార్థులకు ఇచ్చేది. కుల ధ్రువపత్రమూ అంతే. సొంత రాష్ట్రంలో ఎస్టీగా గుర్తింపు ఉండి తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన తెలుగు విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు, మహారాష్ట్రలో మెడికల్ సీటు రిజర్వేషన్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని 1990లో తీర్పు వచ్చింది. తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం ఆధారంగా ఇక్కడి అధికారులిచ్చే ధ్రువపత్రం కేంద్ర సంస్థల్లో పనికొస్తుంది. బెంగాల్ ప్రభుత్వ సీట్లకు, కులం ఆధారంగా రాష్ట్రమిచ్చే స్కాలర్‌షిప్పులకు పనికిరాదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. అది సంతోషించాల్సిందే, కానీ దానివల్ల ఈ లెక్క మారలేదు.

కాబట్టి కేంద్ర సంస్థలను పక్కన పెడితే ఇక్కడి తెలుగు విద్యార్థికి ఆసరా కులపత్రం కాదు, ఆదాయపత్రమూ మార్కులూ. వీటితో ఏం వస్తుందో చూసేముందు సీటు ధర చూడాలి. ఎందుకంటే స్కాలర్‌షిప్పు కంటే చవక సీటే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ట్యూషన్ ఫీజు ఏడాదికి సుమారు 2,400 రూపాయలుగా ఏళ్ళ తరబడి నడిచింది. అంత మంచి ర్యాంకు రానివాళ్ళకు ఊళ్ళోనే 1949 నాటి ఖరగ్‌పూర్ కాలేజీ ఉంది, హిజ్లీ కాలేజీ ఉంది, లోకల్ ట్రైన్‌లో వెళ్ళొచ్చే దూరంలో మేదినీపూర్‌లో విద్యాసాగర్ విశ్వవిద్యాలయం ఉంది. ఇంట్లో ఉండి చదివితే హాస్టలు, మెస్సు ఖర్చు ఉండదు. చాలా ఇళ్ళలో ఫీజుతో సమానంగా అప్పు పెంచేది ఆ ఖర్చే. పేరు వినని ప్రైవేటు ఇంజనీరింగ్ సీటుకు లక్షలు అప్పు చేయడం కంటే ఊళ్ళో బీఎస్సీ చేసి, ఆ తర్వాత మంచి సంస్థలో పీజీకి ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం.

ఊళ్ళోనే ఉన్న ఐఐటీ సంగతి. 1951లో పాత హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాల్లో మొదలైన ఈ సంస్థ ఫీజు మనవల్ల కాదని చాలామంది దరఖాస్తు దాకా కూడా వెళ్ళరు. 2016లో ఐఐటీల బీటెక్ ట్యూషన్ ఫీజును ఏడాదికి 2 లక్షలు చేసిన మాట నిజమే. అదే నిర్ణయంలో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకూ, కుటుంబ ఆదాయం లక్ష లోపున్నవారికీ మొత్తం మాఫీ చేశారు. లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. అంటే కట్టాల్సింది ఏడాదికి దాదాపు 67 వేలు, హాస్టల్ ఖర్చు వేరు.

ఇక్కడ ఆదాయ పరిమితులు జాగ్రత్తగా చూడాలి. రాష్ట్ర ప్రభుత్వపు స్వామి వివేకానంద మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్పుకు పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. పన్నెండులో 60 శాతం మార్కులు వచ్చి రాష్ట్రంలోనే డిగ్రీ చదివితే నెలకు ఆర్ట్స్‌కు 1,000, సైన్సుకు 1,500, ఇంజనీరింగ్‌కు 5,000 రూపాయలు. కులంతో పనిలేదు. కానీ రైల్వేలో అట్టడుగు లెవెల్-1 ఉద్యోగికి మూల వేతనం 18,000, కరువు భత్యం సగం వేసుకున్నా నెలకు 27,000, ఏడాదికి 3.24 లక్షలు. అంటే సర్వీసులో ఉన్న రైల్వే ఉద్యోగి పిల్లలు దీని పరిధిలోకి రారు. గోల్‌బజార్ దుకాణంలో పనిచేసే అతని బిడ్డకు, కాంట్రాక్టు కూలీ బిడ్డకు, కనీస పింఛను మీద బతికే విధవరాలి బిడ్డకు వస్తుంది. ఆ ఇళ్ళకే ఈ కబురు చేరడం లేదు.

రైల్వే ఉద్యోగి చూడాల్సింది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు. పరిమితి 4.5 లక్షలు, పన్నెండో తరగతిలో తన బోర్డులో పై 20 శాతంలో ఉండాలి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. డిగ్రీకి ఏడాదికి 12,000, పీజీకి 20,000. ప్రతి ఏడాదీ 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే కొనసాగుతుంది. రెన్యువల్ మరిచిపోతే అక్కడితో ఆగిపోతుంది. ఆడపిల్లలకు 18 నిండి, పెళ్ళికాకుండా చదువుతుంటే కన్యాశ్రీ కింద ఒకసారి 25,000 వస్తుంది. తెలుగు క్రైస్తవ కుటుంబాలు మైనారిటీల కోసం ఉన్న ఐక్యశ్రీని చూడాలి. ప్రైవేటు ఇంజనీరింగే కావాలంటే ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీల్లో 5 శాతం అదనపు సీట్లకు ట్యూషన్ ఫీజు మాఫీ ఉంటుంది. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ఆ ఆప్షన్ ఎంచుకున్నవాళ్ళకే అది వస్తుంది.

రైల్వేలోనూ ఒక దారి ఉంది. స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ నుంచి ఉద్యోగుల పిల్లల సాంకేతిక విద్యకు స్కాలర్‌షిప్పులిస్తారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు, గడువు చిన్నది. యూనియన్ ఆఫీసులో అడిగితే తెలుస్తుంది. ఐటీఐ చేసిన కుర్రాడికి వర్క్‌షాపులో యాక్ట్ అప్రెంటిస్ శిక్షణ ఉంది. స్టైపెండ్ వస్తూ పని వస్తుంది, లెవెల్-1 నియామకాల్లో 20 శాతం కోటా కూడా ఉంది. దీన్ని చదువు కాదని చిన్నచూపు చూడడం నాకు బాధగా ఉంటుంది.

ఇవన్నీ చాలకపోతే సొంత సొమ్ము. 2004కు ముందు చేరినవారు పీఎఫ్ నుంచి, తర్వాత చేరినవారు ఎన్పీఎస్‌లో తాము కట్టినదాంట్లో 25 శాతం దాకా పిల్లల పైచదువుకు తీసుకోవచ్చు. వడ్డీ లేదు, కానీ అది ముసలితనపు డబ్బు. ప్రభుత్వ సీటులో తక్కువ పడిన కొంత మొత్తానికి తీయడం సబబు. ప్రైవేటు సీటు కొనడానికి తీయకూడదు.

2021లో రాష్ట్రం తెచ్చిన స్టూడెంట్ క్రెడిట్ కార్డును కొందరు సాయంగా భావిస్తున్నారు. 10 లక్షల దాకా, 4 శాతం సాధారణ వడ్డీతో ఇచ్చేది అప్పే. బ్యాంకు లోను కంటే మెరుగు, అంతవరకే. రైల్వే కోఆపరేటివ్ సొసైటీలో తీసుకునేది కూడా జీతంలో కోతపడే అప్పే.

ఈ ఏడాది పన్నెండో తరగతి చదివే బిడ్డ ఇంట్లో ఉంటే ఫలితాల దాకా ఆగకండి. ఆదాయపత్రమో శాలరీ సర్టిఫికెటో ఇప్పుడే తీయించండి, బిడ్డ పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో కలపండి, పక్కింటివాళ్ళకూ చెప్పండి.