ఇంటివాళ్ల అబ్బాయి మన క్లాసులోనే

నరసరావుపేటలో ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుకునే నన్ను మాల్దీవులకు తీసుకెళ్లింది జీతమే, దాచేదేముంది! అక్కడి బళ్లకు మనదేశం నుంచి టీచర్లు దశాబ్దాలుగా వెళ్తున్నారు. కేరళ, తమిళనాడు వాళ్ల మాట ఎక్కువ వినబడుతుంది గానీ మన జిల్లాల వాళ్లూ ఉన్నారు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పడానికి బయటివాళ్లను పిలుస్తారు. ధివేహి భాష, ఇస్లాం స్థానికులే చెప్పుకుంటారు.

మాల్దీవులు అనగానే మనవాళ్లకు నీళ్ల మీద కట్టిన కాటేజీలు గుర్తొస్తాయి. అవి రిసార్టులు, వాటి దీవులు వేరు. మొత్తం దాదాపు 1,200 దీవులుంటే జనం కాపురమున్నవి 200 లోపే. వాటిలో చిన్నవాటిని సాయంత్రం షికారుగా చుట్టి రావచ్చు. అలాంటి చోట ‘టు లెట్’ బోర్డులు వెతుక్కోవడం వృథా. ఎవరింట్లోనో ఒక గది, వాళ్ల వంటింట్లోంచే భోజనం. నాకు బడివాళ్లే మాట్లాడిపెట్టారు. మాలే నుంచి చిన్న విమానంలో హనిమాధూ, అక్కడి నుంచి బోటు. ఇంటాయన చేపల దోనీ మీద పనికి వెళ్లేవాడు. ఇంటావిడను అందరూ ‘దత్తా’ అనేవారు, అంటే అక్కా అని. నేనూ అలాగే పిలిచాను.

తిండి సంగతి ముందు చెప్పాలి. పొద్దున్నే దత్త పీట మీద కూర్చుని కొబ్బరి కోరేది. అందులో ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం, ఉప్పు వేసి చేత్తో గట్టిగా పిసికి, చివర్లో ట్యూనా చేపను పొడిగా చిదిమి కలిపేది. అదే మస్ హుని. రోషి అనే పల్చటి రొట్టెతో తినాలి. నాకు మొదటి పూటే నచ్చింది. రిహాకురు మాత్రం వేరే వ్యవహారం. ట్యూనా ఉడికించిన నీళ్లను గంటల తరబడి మరిగించి, గోధుమరంగు ముద్దయ్యేదాకా దగ్గరికి తెస్తారు. వాసన వీధి చివరిదాకా వస్తుంది. మునగాకు వాళ్లూ తింటారు, మిరపకాయల ఘాటు గుంటూరువాడినైన నాకే కళ్లనీళ్లు తెప్పించింది, గోంగూర ఊసే లేదు. బియ్యం, పిండి, ఉల్లిపాయలు, గుడ్లు అన్నీ ఓడల్లో రావాల్సిందే. మన దేశంతో 1981లో కుదిరిన వ్యాపార ఒప్పందం కింద చాలావరకు ఇక్కడి నుంచే వెళ్తాయి. ఓడ ఆలస్యమైతే పళ్లెంలో కూర మారుతుంది. శాకాహారులు బాగా ఆలోచించుకుని బయల్దేరాలి.

నీళ్ల విలువ మాచర్ల, గురజాల వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ బావినీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికి ఇంటికప్పు మీద పడిన వాననీటిని ట్యాంకుల్లో పట్టుకుంటారు. 2004 సునామీలో చాలా దీవుల బావులు పాడయ్యాక ఈ ట్యాంకులు ఇంకా పెరిగాయి. ఇప్పుడు సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంట్లూ వచ్చాయి. ట్యాంకు నీళ్లతో కాళ్లు కడుక్కునే అలవాటు ఉంటే రేవులోనే వదిలి రండి.

దేవుడి విషయం ఇంకా సూటిగా చెబుతాను. ఇస్లాం కానివారికి 2008 రాజ్యాంగం ప్రకారం అక్కడ పౌరసత్వమే లేదు. పూజకు విగ్రహాలు తీసుకెళ్లకూడదు, బయట పూజలు చేయకూడదు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు ఫోన్‌లో చూసి దణ్ణం పెట్టుకున్నాను, అంతే. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినకూడదు. దత్త మాత్రం మధ్యాహ్నం నా గది ముందు మూతపెట్టిన పళ్లెం ఉంచేది. ఆవిడ ఉపవాసం ఉంటూనే వండేది.

అసలు చిక్కు వీటిలో ఏదీ కాదు. ఇంటివాళ్ల పెద్దబ్బాయి నా తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. లెక్కలంటే వాడికి భయం. పగలు పేపరు దిద్ది సున్నా వేసిన చేత్తోనే రాత్రి వాళ్లమ్మ వడ్డించిన అన్నం తినాలి. “సర్, మార్కులెన్ని?” అని ఆవిడ అడిగితే అన్నం ముద్ద దిగదు. ఇంట్లో మార్కుల మాట వద్దని, తల్లిదండ్రుల సమావేశానికి బడికి రమ్మని చెప్పేశాను. కొన్నాళ్లు ముభావంగా ఉంది. రాత్రి నమాజు అయ్యాక వాడిని వరండాలో కూర్చోబెట్టి భిన్నాలు మొదటి నుంచి చెప్పాను. డబ్బు తీసుకోలేదు. పళ్లెంలో చేపముక్కలు మాత్రం పెరిగాయి! తర్వాత పక్కింటి పిల్లలూ పుస్తకాలు పట్టుకుని రావడం మొదలెట్టారు. ఇంట్లో ఉంటే బడి వదిలినట్టు కాదు.

దీవుల నుంచి వచ్చిన గురువులకు ఆశ్రయమిచ్చిన చరిత్ర మన పల్నాటికీ ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి, అంటే సింహళం, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు శాసనముంది. సింహళ విహారం అని ఒకటి అక్కడ ఉండేది. ఆ భిక్షువులు విహారాల్లో ఉండేవారు కాబట్టి దాత కొడుకు మార్కుల బెడద లేదు. మాల్దీవులూ 12వ శతాబ్దం దాకా బౌద్ధదేశమే.

వెళ్లాలనుకునేవాళ్లు ఏజెంటు మాటతో సరిపెట్టుకోవద్దు. టూరిస్టు వీసా మీద రమ్మంటే వెళ్లొద్దు, ఉద్యోగ అనుమతి కాగితం చేతికొచ్చాకే టికెట్ కొనండి. జీతం రుఫియాల్లో వస్తుంది, డాలర్లుగా మార్చి ఇంటికి పంపడానికి పరిమితులుంటాయి. మాలేలో స్టేట్ బ్యాంక్ 1974 నుంచి ఉంది, నెలకు ఎంత పంపనిస్తారో ముందే కనుక్కోండి. గది అద్దె ఎవరిది, భోజనం ఖర్చు జీతంలో కోస్తారా, స్నానాలగది విడిగా ఉందా అన్నవి రాయించుకోండి. ఆడపిల్లల్ని పంపేవాళ్లు గదికి లోపల గడియ ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు. ఇవన్నీ సరిగ్గా చెప్పగలిగేది ఆ దీవిలోనే పనిచేస్తున్న మన టీచరు. సంతకం పెట్టే ముందు ఆ ఒక్కరితో ఫోన్‌లో మాట్లాడండి.