దారులు వేరైనా చేరింది ఒకచోటికే

క్రిందటి శీతాకాలం న్యూజెర్సీలో ఒక స్కూలు కెఫెటీరియాలో పిల్లల చెస్ టోర్నమెంట్ జరిగింది. మా తొమ్మిదేళ్ళ అబ్బాయి రెండో రౌండ్ ఓడిపోయి, బయటికి రాగానే ఏడ్చేశాడు. "నాన్నా, వాడు నీ నోట్‌బుక్‌లో లేని ఆట ఆడాడు!"

ఆ నోట్‌బుక్ నేను రాసిచ్చిందే. తెల్లవాళ్ళు డి4 ఆడితే నువ్వు డి5, సి4 ఆడితే ఈ6, వాళ్ళ గుర్రం సి3కి వస్తే నీ గుర్రం ఎఫ్6కి. దీన్ని క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ అంటారు. ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు రోజూ అప్పజెప్పించుకున్నాను.

ఇంటికొచ్చాక వాడి స్కోర్‌షీట్ చూస్తూ ఎత్తులన్నీ కంప్యూటర్‌లో వేశాం. అవతలి పిల్లాడు సి4తో మొదలుపెట్టాడు. మావాడు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాడు. తర్వాత తెల్లగుర్రం సి3, మావాడు ఈ6, అతను డి4, మావాడు డి5. వెంటనే ప్రోగ్రామ్ "క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్" అని చూపించింది. నోట్‌బుక్ తీసి పోల్చి చూస్తే, బోర్డు మీద ఒక్క బంటు కూడా తేడా లేదు! వాడు తనకు బాగా తెలిసిన చోటికే చేరాడు, కానీ గుర్తుపట్టలేదు.

"మరి కంప్యూటర్‌కెలా తెలిసింది నాన్నా?"

పిల్లలూ, ఇది మీరూ వినండి. ఎత్తుల వరుస మారినా అదే పొజిషన్‌కు చేరడాన్ని ట్రాన్స్‌పొజిషన్ అంటారు. ప్రోగ్రాములు దీన్ని పట్టుకోవడానికి వాడే ఉపాయాన్ని 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ వివరించారు. తెలుపులో 6 రకాలు, నలుపులో 6 రకాలు, మొత్తం 12 రకాల పావులు. గళ్ళు 64. ఒక్కో పావుకు ఒక్కో గడిలో ఒక పెద్ద అంకె చొప్పున 768 అంకెలు ముందే ఇచ్చేస్తారు. బోర్డు మీదున్న పావుల అంకెలన్నీ కలిపితే ఆ పొజిషన్‌కు ఒక తాళంచెవి వస్తుంది. 3, 5, 8 ఏ వరుసలో కూడినా 16 వచ్చినట్టే, ఎత్తులు ఏ వరుసలో వేసినా తాళంచెవి మారదు. ఎత్తు ఎవరిది, కోట కట్టే హక్కు ఇంకా ఉందా లాంటి వాటికీ వేరే అంకెలుంటాయి.

చాలా ప్రోగ్రాముల ఓపెనింగ్ బుక్ ఈ తాళంచెవులతోనే తెరుచుకుంటుంది. ఆట మధ్యలో కూడా, ఒకసారి లెక్కగట్టిన పొజిషన్ మరో దారిలో ఎదురైతే, దాచుకున్న జవాబు తీసి వాడుకుంటుంది. బోలెడు శ్రమ మిగులుతుంది.

అలాగని దారికి విలువ లేదనుకోకండి. సి4తో మొదలైన ఆటలో తెల్లవాళ్ళు డి4కి బదులు ఈ4 ఆడి ఇంకో వైపు వెళ్ళిపోవచ్చు. మనిషి దారినీ చూసుకోవాలి, చేరిన చోటునూ గుర్తుపట్టాలి.

తప్పు మావాడిది కాదు, నాది. మొదటి పాదం అందిస్తే గానీ పద్యం రాని పిల్లాడిలా తయారుచేశాను వాణ్ణి. ఇప్పుడు అప్పజెప్పించుకోవడం మానేశాను. పావులు పేర్చి, "ఇక్కడ ఎవరికేం కావాలి?" అని అడుగుతున్నాను.

మొన్నటి టోర్నమెంట్‌లో వాడి ఆట డ్రా అయింది. బయటికి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, వాడు వేరే వీధిలోంచి వచ్చాడు. అయినా మనింటికే వచ్చాడు!" అన్నాడు.