తుంగభద్రపై పుట్టి

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములకు ఉత్తరమున తుంగభద్రానది ప్రవహించుచున్నది. ఆవలిగట్టు రాయచూరు సీమ. కౌతాళము, కోసిగి, మంత్రాలయము ప్రాంతములందలి తీరగ్రామములవారు బంధువులను చూచుటకైనను, సంతకు పోవుటకైనను తరతరములుగా ఈ నదిని పుట్టిలో దాటిరి. పుట్టి యనగా గుండ్రని గంప వంటి చిన్న పడవ. దీనినే హరిగోలనియు నందురు.

వెదురు బద్దలతో అల్లిన గంపకు వెలుపల పూర్వము పశువుల తోలు కప్పెడివారు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇట్టి పడవలను చూచి, అవి పదునైదిరువది మందిని మోయుననియు, తిన్నగా పోజాలక ఎల్లప్పుడు గిరగిర తిరుగుచుండుననియు వ్రాసెను. అతనికి సుమారు రెండువేల యేండ్లకు పూర్వమే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ యూఫ్రటీసు నదిపై బాబిలోనునకు వచ్చెడి గుండ్రని తోలుపడవలను వర్ణించెను. నేడు మన పుట్టికి తోలునకు బదులు ప్లాస్టిక్ పట్టాయు, తారుపూతయు వచ్చినవి.

తిరుగుడు పడవయని దీనిని చులకన చేయరాదు. తుంగభద్ర గర్భము రాళ్లమయము. అడుగున పొడవైన దూలము గల పడవ ఆ రాళ్లకు తగిలి పగులును. పుట్టి అడుగు చదునైనది. కొద్దిపాటి లోతులోనే తేలిపోవును. బండకు ఒరసికొన్నను వెదురు వంగి మరల లేచునే కాని సులభముగా విరుగదు.

పెద్ద పడవల అడుగున నీరు తీసికొనుటకు రంధ్రములును, వానిని మూయుటకు కవాటములును ఉండును. చలిదేశములందు శీతకాలము రాకమునుపే ఆ గొట్టములలోని నీటిని పూర్తిగా తీసివేయుదురు. ఏలనన, నీరు గడ్డకట్టునపుడు వ్యాకోచించి లోహమును సైతము పగులగొట్టును. పుట్టికి కవాటము లేదు, గొట్టము లేదు. దాని శత్రువు చలియు కాదు. ఈ సీమ యెండ.

పుట్టికి చిన్న రంధ్రము పడిన నేమగును? రెండు మీటర్ల వ్యాసము గల అడుగు వైశాల్యము సుమారు 3.14 చదరపు మీటర్లు. అట్టి పుట్టి 10 సెంటీమీటర్లు మునిగినచో, తన బరువుతో కలిపి సుమారు 314 కిలోగ్రాములు మోయుచున్నదన్నమాట. లోపల ఒక్క సెంటీమీటరు నీరు నిలిచినను 31 కిలోగ్రాములు పెరిగినట్లే. ఆ అడుగున సెంటీమీటరు వెడల్పు గల రంధ్రమున్నచో నిమిషమునకు సుమారు 4 లీటర్ల నీరు లోనికి వచ్చును. నది దాటుటకు పావుగంట పట్టినచో 60 లీటర్లు! నడుమ మరియొక మనిషి ఎక్కినట్లే. మనిషియైన ఒకచోట కూర్చుండును. నీరు పుట్టి ఒరిగిన వైపునకే పరుగెత్తి మరింత ఒరగజేయును. చిన్న పడవలకు ముప్పు తెచ్చునది ఈ పరుగే.

తోలు సదా నానినచో కుళ్లును. మిక్కిలి ఎండినచో బిరుసెక్కి పగులును. కనుక పనియైన వెంటనే పుట్టిని ఒడ్డునకు లాగి బోర్లించి నీడన ఆరనీయవలెను. ప్లాస్టిక్ పట్టా కుళ్లదు గాని, ఎండకు పెళుసుబారును. బద్దల మొనలు లోపలినుండి దానిని పొడుచును. తారు ఎండకు మెత్తబడి జారును. ఏండ్లు గడిచినకొలది బీటలు వారును. వేసవిలో నది సన్నగిల్లినపుడు పుట్టిని నేలపై పడవేసినచో వెదురునకు చెదలు పట్టును. రాళ్లపై ఎత్తుగా బోర్లించుటయే మేలు.

హొస్పేట యొద్ద 1953లో పూర్తియైన ఆనకట్ట తలుపులు ఎత్తినపుడు నది త్వరగా పొంగును. 2009 అక్టోబరులో మంత్రాలయమును ముంచినంతటి వరదలో ఎంత గట్టి పుట్టియు ఆగదు. కాని మామూలు ప్రవాహమున ప్రాణములు నిలుచునదియు, పోవునదియు ఆ పలుచని పొరమీదనే. తొలకరికి ముందు పట్టపగలు, బోర్లించిన పుట్టి క్రిందికి దూరి తల యెత్తి చూడవలెను. చిల్లియున్నచోట నల్లని తారునడుమ వెలుగుచుక్క మెరయును. అచట బొగ్గుతో గుర్తు పెట్టి, బయటినుండి అతుకు వేసి, కాచిన తారు పూసి, ఆరిన పిమ్మట మోకాలి లోతు నీటిలో కొంతసేపు ఖాళీగా తేలవిడిచి, అడుగు పొడిగా నున్నదో లేదో చేతితో తడవి చూడవలెను. మనుష్యులను ఎక్కించుకొనుట ఆ తరువాతనే.